చలనచిత్ర ప్రసంగము: పంటనాటి బొమ్మలును వేటలేనినాటి బొమ్మలును

పండుగ సమీపించినకొలదియు మా పాఠక సోదరీమణులు మమ్ము అడుగు ప్రశ్న ఒక్కటే: ఈ మారు ఏ బొమ్మకు పోవచ్చును? ఈ చిన్న ప్రశ్న వెనుక మరి నాలుగు ప్రశ్నలు దాగియుండునని మాకు తెలియును. పిల్లలను వెంటబెట్టుకొని పోదగినదా? అత్తగారి ప్రక్కను కూర్చుండి తలవంచుకొనకుండ చూడదగినదా? ఇంటిల్లిపాదికిని అగు వ్యయమునకు తగినదా? చూచి వచ్చిన పిదప అంట్లు తోముకొనుచు తలచుకొనుటకు అందు ఏమైన మిగులునా? చిత్రములను గూర్చి వ్రాయు పెద్దలు సామాన్యముగా ఈ ప్రశ్నల జోలికి రారు. మొదటి దినమున ఎన్ని కోట్లు వచ్చినవి, రెండవ వారమున ఎన్ని కోట్లు తగ్గినవి అనునదే వారి చర్చ. మాకు కోట్లతో పని లేదు. గిలకలదిండి రేవు దాపున కాపురముండి, తీరిక చిక్కినప్పుడు బందరు పోయి బొమ్మ చూచి వచ్చువారము మేము. చలనచిత్రములన్న మాకు మిక్కిలి ప్రీతి. ప్రీతి గలచోటనే కోపమును కలుగును గనుక, ఈ నెల ప్రసంగమున రెండును కనబడినచో సోదరీమణులు ఆశ్చర్యపడకుందురు గాక.

పెద్ద బొమ్మలన్నియు సంక్రాంతికే ఏల వచ్చునని ఎన్నడైన ఆలోచించితిరా? పిల్లలకు సెలవులు, క్రొత్త యల్లుళ్ల రాక, పట్టణములనుండి బంధువుల రాక అని చెప్పుదురు. ఇవన్నియు నిజమే. కాని అన్నిటికిని మూలము వరిచేను. సార్వా పంట కోసి, నూర్చి, ధాన్యము అమ్మిన రొక్కము చేతిలో ఆడునది ఆ దినములలోనే. గుడివాడ ప్రాంతమున గాని, పామర్రు ప్రాంతమున గాని, దివిసీమలోని కాలువక్రింది యూళ్లలో గాని పుష్యమాసమున ఇల్లు నిండియుండును. నిండిన యింటినుండి నలుగురు బయలుదేరి చిత్రమునకు పోవుట సహజము. కావుననే మన తెలుగు చిత్రముల పంచాంగమును రైతు వ్రాసినాడని మేము అనుచుందుము. సముద్రము మీద బ్రతుకువారి పంచాంగము వేరు. దానిని గూర్చి తరువాత మనవి చేసెదము. ముందు పండుగ బొమ్మల సంగతి.

2025 సంక్రాంతికి మూడు పెద్ద చిత్రములు నాలుగైదు దినముల యెడములో వచ్చినవి. జనవరి 10న శంకర్‌గారి 'గేమ్ ఛేంజర్', 12న బాలకృష్ణగారి 'డాకు మహారాజ్', 14న అనిల్ రావిపూడిగారి 'సంక్రాంతికి వస్తున్నాం'. మొదటిదానిలో రామ్ చరణ్‌గారు తండ్రిగను కొడుకుగను రెండు వేషములు ధరించిరి. ఎన్నికలు, లంచములు, కలెక్టరుగారి ధైర్యము, పాటలకు పోసిన ధనము అన్నియు నందు కలవు. మాకు మాత్రము ఆ చిత్రమున నిలిచినది అంజలిగారు ధరించిన పార్వతి వేషము. భర్తను పోగొట్టుకొని, మతి చెదరి, ఏండ్లకేండ్లు గడపిన ఆ తల్లి తెరమీద నిలిచినంతసేపును మేము కదలలేదు. అంత మంచి పాత్రకు అంత తక్కువ చోటిచ్చి, పాటల రంగాలంకరణమునకు అంత యెక్కువ చోటిచ్చుట ఏ లెక్కయో మాకు బోధపడలేదు.

'డాకు మహారాజ్' నీటికొరకు కరవుసీమలో దొంగగా మారిన యొక ఇంజనీరు కథ. నీళ్లకొరకు బిందె పట్టుకొని నిలిచిన ఆడుదానికి ఆ కథ అర్థము కాకపోదు. కాని దానినడుమ చొప్పించిన యొక పాటలోని నాట్యము, బొమ్మ విడుదల కాకమునుపే, స్త్రీలను కించపరచునట్లున్నదని నలుదెసల విమర్శలకు గురియైనది. ఆ విమర్శలు న్యాయమైనవని మా యభిప్రాయము. కూచిపూడి గ్రామము మాకు దవ్వు కాదు. అక్కడి వేదాంతం రాఘవయ్యగారు నాట్యము నేర్పి, పిదప దర్శకులై 1953లో 'దేవదాసు' తీసిరి. అట్టి నేలమీద పుట్టినవారము గనుక నాట్యమనిన మాకు కొంచెము పట్టుదల యుండుట తప్పు కాదేమో!

మూడవది నవ్వుల బొమ్మ. వెంకటేష్‌గారు పోలీసు కొలువు మాని, రాజమహేంద్రవరమున అత్తవారి యింట సుఖముగా నుండగా, ఆయన పూర్వస్నేహితురాలు, పోలీసు అధికారిణి, ఆయన సహాయము కోరి వచ్చును. ఇల్లాలు భాగ్యలక్ష్మి ఆమెను మగనితో నొంటరిగ పంపక, తానును మూట కట్టుకొని బయలుదేరును. ఐశ్వర్యా రాజేష్‌గారు ఈ భాగ్యలక్ష్మి వేషమున గోదావరి మాటతీరుతో జీవము పోసిరి. ఆమె సందేహమును, ఉక్రోషమును, నడుమనడుమ పొంగు ప్రేమయు చూచి హాలులోని స్త్రీలందరును పగలబడి నవ్విరి. మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చిన పిదప మాత్రము ఒక సంగతి తోచినది. అంత బుద్ధియు, అంత నోరును గల యిల్లాలికి కథ యిచ్చిన పని మగనిని కాపలా కాయుట యొక్కటే! వేరొక కోరిక గాని, వేరొక బాధ్యత గాని ఆమెకున్నట్లు రచయితకు తోచలేదు.

అందులోని చిన్న పిల్లవాడు బుల్లిరాజును గూర్చియు ఒక మాట. ఫోనులో వచ్చు చిత్రములు చూచి నేర్చిన బూతులను వాడు పెద్దలమీద ప్రయోగించుచుండును. హాలులో వానికే యెక్కువ చప్పట్లు. పిల్లలచేతికి ఫోను ఇచ్చి వంటింటిలోనికి పోవు తల్లులకు ఇది హెచ్చరికయని దర్శకుని ఉద్దేశము కావచ్చును. చప్పట్లు వినిన పసివాండ్రు మాత్రము హెచ్చరికను గాక బూతులనే యింటికి తెచ్చుకొందురని మా భయము. కొన్ని యిండ్లలో అట్లే జరిగినదని విన్నాము.

సంక్రాంతి చిత్రములు ఎల్లప్పుడును ఇట్లే యుండెడివని యువతులు అనుకొనరాదు. 1955 జనవరి 12న, సరిగా పండుగ ముందు, ఎల్. వి. ప్రసాదుగారి 'మిస్సమ్మ' విడుదలయ్యెను. అదియు నవ్వుల బొమ్మయే. అయినను అందలి మేరీకి ఒక లెక్క కలదు. తండ్రి చేసిన అప్పును తీర్చవలెను. తీర్చనిచో అప్పిచ్చినవాడు పెండ్లికి పట్టుబట్టును. కావున ఉద్యోగము కావలెను. బి. ఏ. చదివిన పిల్ల ఉద్యోగముకొరకు పరాయివానితో భార్యాభర్తలమని నటించుటకు సాహసించును. సావిత్రిగారి ముక్కుమీది కోపమంతయు ఆ అప్పునుండియే పుట్టినది. నేటికి డెబ్బది యేండ్లు దాటినను ఆ కోపము మనకు నచ్చుటకు కారణము అదియే. కథానాయికకు మగనితో గాని ప్రియునితో గాని సంబంధములేని యొక చింత, తనదైన యొక చింత, ఆ నవ్వులలో కలదు.

ఇక ఖర్చుమాట. 2025 సంక్రాంతికి మన రాష్ట్రములో 'గేమ్ ఛేంజర్' యొక్క మొదటి యాటకు, అదియు అర్ధరాత్రి ఒంటిగంటకు, టిక్కెట్టు 600 రూపాయలవరకు పెంచుకొనుటకు ప్రభుత్వము అనుమతించినది. నలుగురు పోయినచో 2,400 రూపాయలు. ఆటో బండియు, విరామమున పిల్లలడుగు చిరుతిండియు దీనికి బయట. ఒంటిగంట యాట ముగించుకొని తెల్లవారుజామున పసివానిని భుజమున వేసికొని యింటికి చేరుట యేమి వినోదమో మాకు తెలియదు. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదులో 'పుష్ప-2' ముందాట వేళ, కథానాయకుని చూడ నెగబడిన జనుల తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణములు కోల్పోయినది. ఆమె కుమారుడు చావుబ్రతుకుల నడుమ పెక్కు దినములు ఆసుపత్రిలో నుండెను. కుటుంబముతో కలసి బొమ్మ చూడవచ్చిన స్త్రీ ఆమె. ఆ వార్త చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మొదటి యాట చూడకున్న మన గౌరవమునకు లోటు రాదు. అన్నదమ్ములు, కుమారులు వేడుక పడినచో వారిని పోనిండు. పసిబిడ్డలను మాత్రము మన చేతులలోనే యుంచుకొందము.

ఓర్పునకు ఫలితము కూడ కలదు. జనవరి 14న వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' మార్చి 1వ తేదీ సాయంకాలమున టీవీలోనే వచ్చినది. అనగా 46 దినములు! పెట్టిన ఆవకాయ ఊరినంత కాలము. పప్పు పొయ్యిమీద నుంచి ఇంటిల్లిపాదియు ఉచితముగా చూచితిమి. అయితే హాలులో నలుగురితో నవ్విన నవ్వు ఇంటిలో రాదని మేమును ఒప్పుకొందుము. రెండవ వారమున, మధ్యాహ్నపు ఆటకు, ధర తగ్గిన పిదప పోవుట మా పద్ధతి. తీరికగా కూర్చుండవచ్చును, ఈలలు తక్కువ, చీర నలుగదు.

పెద్ద పండుగలకు కాక, చిన్న పండుగలకు వచ్చు చిన్న బొమ్మలలోనే మాకు ఒక్కొక్కప్పుడు నిధి దొరకును. 2024 సెప్టెంబరు 6న, వినాయక చవితికి ముందునాడు, '35 చిన్న కథ కాదు' అను చిత్రము వచ్చినది. నందకిశోర్ ఈమానిగారు దర్శకులు. తిరుపతిలో ఒక సామాన్య గృహము. తండ్రి బస్సు కండక్టరు, తల్లి సరస్వతి పదవ తరగతి తప్పిన యిల్లాలు, పెద్దకొడుకునకు లెక్కలు రావు. సున్నకు విలువ లేదందురు గదా, అది ఒకటి ప్రక్కన చేరగానే పది యెట్లగునని ఆ పిల్లవాడు అడుగును. అడిగిన ప్రశ్నకు బడిలో జవాబు లేదు, చీవాట్లు కలవు. కొడుకునకు నేర్పుటకు తల్లి తానే మరల పుస్తకము పట్టును. నివేదా థామస్‌గారు ఆ తల్లిగా నటించినారనుటకంటె బ్రతికినారనుట సమంజసము. ఒక్క కత్తి లేదు, ఒక్క కారు గాలిలోనికి ఎగురలేదు. పిల్లవానికి ముప్పదియైదు మార్కులు వచ్చునా రాదా అని మేము చీరకొంగు నలిపికొనుచు కూర్చుంటిమి! ఇది నిన్న మొన్నటి మన యింటి కథ. చదువు మధ్యలో ఆపి పెండ్లి చేసికొని వచ్చిన సోదరి ప్రతి యొక్కతయు చూడవలెను. చూడనివారికి 'ఆహా'లో దొరకును.

ఇప్పుడు మా రేవు సంగతికి వత్తము. గిలకలదిండిలో సంక్రాంతికి ముగ్గులు లేవని కాదు, గొబ్బెమ్మలు లేవని కాదు. కాని అది ఇంటిలో రొక్కము నిండు కాలమని చెప్పరాదు. పడవ ఒడ్డు చేరి, చేపలు పాటలో అమ్ముడుపోయి, నూనెకును మంచుగడ్డకును అయిన ఖర్చు పోగా మిగిలినదే యిక్కడి పంట. అది ఒక వారము కలదు, ఒక వారము లేదు. మొగలో ఇసుక మేట వేసినప్పుడు పడవలు లోనికి రాలేక పోటునకై కాచుకొని నిలుచును. పోటు వేళకును సినిమా వేళకును పొత్తు కుదరదు. సాయంత్రపు ఆటకు బయలుదేరిన యింటివారు పడవ వచ్చినదని కబురు విని వెనుదిరుగుట ఈ యూర వింత కాదు.

ఈ తీరవాసులకు నిజమైన తీరిక కాలము వేసవి. ఏటేట ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని తూర్పు సముద్రమున మరపడవల వేట నిషిద్ధము. మగవారందరును ఇంటనే యుందురు. వలలు బాగుచేసికొందురు, పడవలకు రంగులు వేసికొందురు, నీడపట్టున కూర్చుండి విసుగుకొందురు. వేట లేని యీ కాలమునకై ప్రభుత్వమిచ్చు భృతి 2025లో కుటుంబమునకు 20,000 రూపాయలైనది. అంతకుమునుపు పదివేలు. రెండు నెలల బియ్యము, పిల్లల బడి ప్రవేశములు, అప్పుల వడ్డీ అన్నియు దానిలోనే సర్దవలెను. కావున మా రేవున తీరిక గలనాడు రొక్కము లేదు, రొక్కము గలనాడు తీరిక లేదు. పంచాంగము వేరని మొదట మనవి చేసినది ఇందుకే.

వేసవి బొమ్మలలో ఈ ప్రాంతపు స్త్రీలు మరువలేని చిత్రమొకటి కలదు: 'జగదేకవీరుడు అతిలోకసుందరి'. కె. రాఘవేంద్రరావుగారి దర్శకత్వమున చిరంజీవి, శ్రీదేవి గారలు నటించిన యీ చిత్రము 1990 మే 9న విడుదలయ్యెను. సరిగా ఆనాడే ఘోరమైన తుపాను కృష్ణానది ముఖద్వార ప్రాంతమున తీరము దాటెను. తొమ్మిది వందలకు పైగా జనులు మరణించిరి. పైరులు, పడవలు, ఇండ్లు పోయినవి. ఊళ్లు నీళ్లలోనుండ బొమ్మ చూచువారెవరు? చిత్రము ఇక మునిగినదే యని అందరును అనుకొనిరి. వాన వెలిసిన పిదప జనులు హాళ్లకు వచ్చిరి. తడిసిన నేలమీదనే నిలుచుండి చూచిరని చెప్పుకొందురు. ఉంగరము పోగొట్టుకొని భూలోకమున చిక్కిన ఇంద్రుని కూతురును, ఆమెతో పరిహాసమాడు పిల్లలును, ఇళయరాజాగారి పాటలును ఆనాడు ఎందరి దుఃఖమును ఒక మూడు గంటలు మరపించెనో! సరిగా ముప్పదియైదేండ్లకు, 2025 మే 9న, ఆ చిత్రమును మెరుగుపరచి మరల విడుదల చేసిరి. ఆనాడు పావడాలు కట్టిన పిల్లలు నేడు పిల్లల తల్లులై, కొందరు అమ్మమ్మలై, తమవారిని వెంటబెట్టుకొని పోయి చూచిరి. అది వేట నిషేధకాలమగుటచే ఇంటి మగవారును తోడు వచ్చుటకు వీలు కలిగెను. బొమ్మకంటె ఆ కూడిక మాకు ముచ్చటయైనది.

సముద్రమును గూర్చిన చిత్రములు ఇటీవల మనకు వరుసగా వచ్చినవి. వీనిని తీరవాసులు చూచు చూపు వేరుగా నుండును. మొదటిది బుచ్చిబాబు సానాగారి 'ఉప్పెన'. 2020 వేసవికి రావలసినది, కరోనా వలన హాళ్లు మూతపడి, 2021 ఫిబ్రవరి 12న వచ్చినది. ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ బహుమానమును పొందినది. పేరు వినగానే మా ప్రాంతపు వృద్ధ స్త్రీల ముఖములు వాడిపోయినవి. వారికి ఉప్పెన యనగా ప్రేమకు పోలిక కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరు మీదికి వచ్చి సుమారు ముప్పదివేల మందిని తీసికొనిపోయినదని వంశపరంపరగా చెప్పుకొన్న మాట. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో తాడియెత్తు నీరు వచ్చి పదివేలకు పైగా ప్రాణములు పోయిన దినము. ఆ దినమున బిడ్డను చేయి జారవిడిచిన తల్లులు నేటికిని కొందరున్నారు. 2025 అక్టోబరు 28న మొంథా తుపాను మా ప్రక్కగా దాటినరాత్రి కూడ ఆ మాటయే అందరి నోళ్లలోను ఆడినది.

ఇక్కడ చిత్రసీమవారికి మేము ఋణపడిన సంగతియొకటి చెప్పకపోవుట న్యాయము కాదు. 1977 ఉప్పెన పిదప నందమూరి తారకరామారావుగారును అక్కినేని నాగేశ్వరరావుగారును తోటి నటీనటులతో కలసి ఊరూర తిరిగి, జోలె పట్టి, బాధితులకొరకు విరాళములు సేకరించిరి. ఒకరిది నిమ్మకూరు, ఒకరిది గుడివాడ దాపున రామాపురము. ఇద్దరును ఈ డెల్టా బిడ్డలే. వెండితెరమీద రాజులైనవారు వీధిలో జోలె పట్టిన ఆ దృశ్యము, వారు నటించిన పెక్కు దృశ్యములకంటె మా పెద్దలకు బాగుగా జ్ఞాపకము.

మరల 'ఉప్పెన'కు వత్తము. ఉప్పాడ తీరపు జాలరి పిల్లవాడును, ధనవంతుని కూతురును ప్రేమించుకొందురు. కులగౌరవమునకు కట్టుబడిన తండ్రి ఆ పిల్లవానికి చేసిన అపకారము ఇచట వ్రాయదగినది కాదు. తుదకు ఆ కూతురు తండ్రికి ఎదురుగా నిలిచి, మగతనమన నెట్టిదో చెప్పు ఘట్టమున కృతి శెట్టిగారు, చిన్న వయసుననే, అనుభవముగల నటివలె చేసిరి. తండ్రి యెదుట నోరు విప్పలేని పిల్లలెందరో యున్న మన దేశమున ఆ ఘట్టమొక్కటియే చాలును. అయితే సముద్రము మాత్రము అందు ఎక్కువభాగము పాటలకు వెనుకతెర. అలలు అందముగ లేచును, అందముగ పడును. చేపల వాసన మాత్రము ఎచ్చటను రాదు!

2024 సెప్టెంబరు 27న వచ్చిన కొరటాల శివగారి 'దేవర' గూర్చి ఎక్కువ చెప్పము. చిన్న ఎన్.టి.ఆర్.గారి నటనయు, ఎరుపెక్కిన సముద్రమును చూడ కన్నుల పండువే. కాని అందలి సముద్రము ఆయుధములు దాచు చోటు. చేపలు పట్టు చోటు కాదు. భర్త ఎచటనున్నాడో తెలియక ఏండ్లు గడపిన దేవర యిల్లాలు ఆ కథలో నున్నది. ఆ నిరీక్షణమును గూర్చి మరికొంచెము చెప్పి, కత్తుల మోత కొంచెము తగ్గించినచో మాకు తృప్తిగా నుండెడిది.

'తండేల్' వేరు. 2025 ఫిబ్రవరి 7న వచ్చిన యీ చిత్రమునకు చందు మొండేటిగారు దర్శకులు. తండేలనగా పడవపై వేటగాండ్రకు నాయకుడు. శ్రీకాకుళము జిల్లా మత్స్యకారులు తమచెంత సరియైన రేవు లేక, కూలికి గుజరాతులోని వెరావలు పోయి, అచటి పడవలెక్కి వేటాడుట చాలకాలముగ నున్న సంగతి. 2018 నవంబరులో అట్లు పోయిన కొందరు తెలియక సరిహద్దు దాటి పాకిస్థానువారికి చిక్కి, కరాచీ చెరలో పడి, 2020 జనవరిలో విడుదలై వచ్చిరి. ఆ యథార్థమే కథకు పునాది. చెరసాలలోని ఘట్టములు, జెండా ఘట్టములు, పోట్లాటలు మాకు సామాన్యముగనే తోచినవి. ఈ కథలో నిజమైన బరువు ఒడ్డుననున్నది. సాయిపల్లవిగారి సత్య ఒక్క కోరిక కోరును: ఈ మారు వేటకు పోవద్దని. అతడు తనను నమ్మినవారికొరకని పోవును. ఆమె ఏడ్చి ఊరకుండదు. కోపగించును. మాట వినని మనుష్యునికొరకు ఎదురుచూచుట ఎందులకని వేరొకనిని పెండ్లాడుటకు సైతము సమ్మతించును. అయినను అతడు చెరలో పడినాడని విని, అతని ఒక్కనికొరకే గాక, పోయినవారందరికొరకును, వారి భార్యలను తల్లులను కూడదీసికొని, విడుదలకై పాటుపడును.

ఆ కోపము మాకు మిక్కిలి నచ్చినది. ఒడ్డున నిలిచిన స్త్రీ యనగా దీపము పట్టుకొని కన్నీరు కార్చు బొమ్మగానే మన కవులును చిత్రకారులును చూపుచు వచ్చిరి. మలయాళమున తకళి శివశంకర పిళ్ళగారి నవల ననుసరించి 1965లో రాము కరియాట్‌గారు తీసిన 'చెమ్మీన్' గొప్ప చిత్రమే. రాష్ట్రపతి స్వర్ణపతకమును పొందినది. అందులో భార్య శీలము తప్పినచో సముద్రమున భర్త మునిగిపోవునను నమ్మకము కథను నడపును. ఎంత భారము ఆడుదాని నెత్తిన పెట్టిరో చూడుడు! గాలి తిరిగినను ఆమెయే కారణము, పడవ మునిగినను ఆమెయే కారణము. వాతావరణ కేంద్రము హెచ్చరిక, మరమ్మతులేని యంత్రము, మేట వేసిన మొగ, వీనిలో నొక్కటియు కారణము కాదు! సత్య కోపము ఆ భారమును దించి నేలను పెట్టినట్లు మాకు తోచినది. పోవుట నీ నిర్ణయము, దాని ఫలము నా శీలమునకు ముడిపెట్టకుమని ఆమె మాటలలో చెప్పలేదు గాని, ప్రవర్తనలో చెప్పినది. తెలుగు చిత్రములలో తీరవాసిని యొకతె అట్లు నిలుచుట చూచి మేము సంతోషించితిమి. హాలునకు పోలేనివారు 28 దినములకే, మార్చి 7న, నెట్‌ఫ్లిక్సులో చూచిరి. మా ప్రక్కయింట ఒక చిన్న ఫోనును చెంబునకు ఆనించి ఎనమండుగురు చూచిరి.

సంతోషము తీరిన పిదప ఒక కొరత మాత్రము మిగిలినది. సత్య మగనిని గోరిన పిల్ల, బేబమ్మ మగనిని గోరిన పిల్ల. రేవునకు తెల్లవారక మునుపే పోయి, పాటలో నిలిచి ధర పెంచియు దించియు చేపలు కొని, మంచు వేసి, తట్ట నెత్తిన పెట్టుకొనియో ఆటోలో నెక్కించియో బందరు వీధులకు పోయి అమ్మి, అప్పుకు వడ్డీ కట్టి, పిల్లల బడి రుసుము కట్టి, మగడు తెచ్చినదెంత త్రాగినదెంత యని లెక్క కట్టు నడివయసు స్త్రీని ఇంతవరకు ఏ చిత్రమును కథకు నడుమ నిలుపలేదు. ఆమెను చూపినచో నవ్వు పుట్టించుటకే చూపుదురు: గట్టిగా అరచు గయ్యాళిగా, చేపను ఎత్తి పట్టుకొని కొట్టవచ్చునదిగా. ఆ గట్టి గొంతు ఎందులకో అడిగినవారు లేరు. పాటలో నూరుమంది మగవారి నడుమ తన ధర వినబడవలెనన్న ఆ గొంతు కావలెను గదా. మండుటెండలో మంచు కరగుచుండ, చేప చెడకమునుపే అమ్మవలెనన్న ఆ తొందర కావలెను గదా. మిస్సమ్మకు అప్పు నిచ్చినట్లు ఈమెకును ఒక అప్పునిచ్చి, ఒక లెక్కనిచ్చి, ఒక ఉపాయమునిచ్చినచో కథకు కొదువ యేమున్నది?

బందరు పుట్టుకగల రఘుపతి వెంకయ్య నాయుడుగారు మద్రాసులో చిత్రప్రదర్శనలు సాగించి, కుమారుడు ప్రకాశ్‌గారిచే 1921లో 'భీష్మప్రతిజ్ఞ' తీయించి తెలుగువారికి ఈ విద్యను తెచ్చిరి. బందరు జాతీయ కళాశాలలో చదివిన పింగళి నాగేంద్రరావుగారే 'మిస్సమ్మ'కును 'మాయాబజారు'నకును మాటలు వ్రాసిరి. రెండు క్రోసుల దూరమున ఇంతటి కలములు పుట్టినచోట, రేవులోని చేపలతట్టవరకు నడచి వచ్చు రచయిత యొక్కడైన దొరకకపోడు. దర్శకులు వత్తురేని రేవు చూపుటకు, పాటకు పోవు వేళ చెప్పుటకు, ఏ తట్టలో ఏ చేప యుండునో చెప్పుటకు మేము సిద్ధము. చిత్రము పూర్తియైనచో దానిని సంక్రాంతికి గాక మే నెలలో విడుదల చేయుదురు గాక. అప్పుడు మా రేవువారందరును ఇంటనే యుందురు. టిక్కెట్టు ధర మాత్రము వేటలేనినాటి ధరగా నుండవలెను.